వానలో, మంచులో సైకిల్‌కి ఏ టైరు: గరుకుదా, నున్నదా?

పర్లాకిమిడి_నాన్న:
మా అమ్మాయి ప్లస్ టూ మొదటి ఏడాది. మా ఊరి నుంచి పర్లాకిమిడి 9 కిలోమీటర్లు, పొద్దున్న 6 గంటలకి ట్యూషన్. సైకిల్ మీదే వెళ్తుంది. వెనక టైరు బాగా అరిగిపోయింది. వానలు పోయినా ఇప్పుడు మంచుకి రోడ్డంతా తడిగానే ఉంటోంది. షాపాయన లావుగా, బొడిపెలతో ఉండే గరుకు టైరు వేసుకోమంటున్నాడు. మా అల్లుడేమో నున్నదే మంచిదంటాడు. ఎవరి మాట వినాలి? సైజు 26.

గుణుపూర్_వంశధార:
గరుకుదే వేయండి సార్, ఆలోచించొద్దు. నున్న టైరు, తడి రోడ్డు కలిస్తే ఏమవుతుందో నా భుజాన్ని అడగండి. బొడిపెలు ఉంటే రోడ్డుని పట్టుకుంటాయి. చెప్పు కొనేటప్పుడు అడుగు గరుగ్గా ఉందో లేదో చూస్తాం కదా, ఇదీ అంతే.

రాయగడ_చక్రం:
చెప్పుకీ టైరుకీ పోలిక పెట్టకండి. కారు టైరు వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది. నీళ్ళు పక్కకి పోవడానికి దానికి గాళ్ళు కావాలి. సైకిల్ టైరు గుండ్రం, సన్నం. నీటిని అదే కోసుకుంటూ పోతుంది. నీటి మీద తేలిపోవడం అనేది సైకిల్‌కి జరగదు. విమానం టైర్ల మీద పరీక్షలు చేసి 1960లలో నాసా వాళ్ళు ఒక లెక్క కట్టారు: టైరులో గాలి ఎన్ని పీఎస్ఐ ఉంటే దాని వర్గమూలాన్ని 9తో గుణించాలి. 49 పీఎస్ఐ అనుకోండి, 7 తొమ్ముల 63 నాట్లు (నాట్ అంటే విమానాల వేగం కొలత). అంటే గంటకి దాదాపు 117 కిలోమీటర్లు. అంత వేగం అందుకుంటే గానీ టైరు తేలదు.

తారు రోడ్డే గరుకు. ఆ గరుకులోకి మెత్తటి రబ్బరు దిగబడితే అదే గ్రిప్పు. బొడిపెల టైరుకి రోడ్డుని తాకే రబ్బరు తక్కువ, పైగా మలుపులో ఆ బొడిపెలు వంగుతాయి. మట్టి దారికి అవి బాగుంటాయి, తారుకి కాదు.

జయపురం_బుజ్జి:
నాట్లు ఎప్పుడో అయిపోయాయి సార్. ఇప్పుడు కోతలు.

రాయగడ_చక్రం:
నవ్వండి. లెక్క మాత్రం మారదు.

గుణుపూర్_వంశధార:
ఆయన కూతురు విమానం తోలడం లేదు. సైకిల్ మీద ట్యూషన్‌కి వెళ్తోంది.

బరంపురం_సుబ్బు:
మంచు అంటున్నారు కాబట్టి చెప్తున్నా. ఫిన్లాండ్ లాంటి చోట్ల ఇనుప మేకుల టైర్లు వాడతారు, చలికాలం అంతా వాటితోనే తిరుగుతారు. తెప్పించుకోవచ్చు.

జయపురం_బుజ్జి:
సుబ్బన్నా, ఆ మంచు గడ్డకట్టే మంచు. మనది పొగమంచు. కళ్ళకి అడ్డం వస్తుంది గానీ చక్రాల కింద గడ్డకట్టదు.

బరంపురం_సుబ్బు:
దారింగిబాడిని ఒడిశా కాశ్మీర్ అంటారు తెలుసా?

జయపురం_బుజ్జి:
అంటారు. చలి బాగా ముదిరితే గడ్డి మీద తెల్లటి పొర పడుతుంది, ఫోటోలు దిగి వచ్చేస్తాం. దానికి మేకులెందుకు? తారు మీద ఆ మేకులతో వెళ్తే టకటకమని ఊరంతా లేస్తుంది.

బరంపురం_సుబ్బు:
నేను మంచి కోసమే చెప్పా.

మోటు_టీచర్:
ఇద్దరూ ఎవరి రోడ్డు గురించి వాళ్ళు మాట్లాడుతున్నారు. మా వైపు శబరి పొంగి తగ్గాక రోడ్డు మీద వేలెడు మందాన ఎర్రమట్టి ఉంటుంది. అక్కడ నున్న టైరు సబ్బు మీద వేసిన కాలులా జారుతుంది. నాకు బొడిపెల టైరే దిక్కు. కానీ పర్లాకిమిడి దారి తారు కదా. ఆ అమ్మాయి వెళ్ళే దారిలో ఏముంది? అది చెప్పండి ముందు.

పర్లాకిమిడి_నాన్న:
తారే అమ్మా. ఒక రైలు గేటు ఉంది. ఇప్పుడు కోతలు కదా, రెండు మూడు చోట్ల వరి రోడ్డు మీదే పరుస్తారు. పొద్దున్నకి గడ్డి మంచుకి తడిసి ఉంటుంది. మొన్న దాని మీదే చక్రం జారిందట. మోకాలు కొట్టుకుంది. ఇంట్లో చెప్పలేదు, వాళ్ళమ్మ చూసింది.

గుణుపూర్_వంశధార:
చూశారా? జారింది. టైరు గ్రిప్పు లేకే.

రాయగడ_చక్రం:
తడి గడ్డి మీద ఏ టైరైనా జారుతుంది వంశధార గారూ. గడ్డి రోడ్డుని పట్టుకుని ఉండదు, బొడిపె గడ్డిని పట్టుకుంటే ఏం లాభం? రెండూ కలిసే జారతాయి. అక్కడ బ్రేక్ వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా నిదానంగా దాటాలి. రైలు పట్టా కూడా అంతే. తడి ఇనుము మీద పనిచేసే రబ్బరు ఇంకా పుట్టలేదు. పట్టాకి అడ్డంగా నిటారుగా దాటాలి, ఏటవాలుగా దాటితే పడతారు. పడినవాళ్ళు టైరుని తిట్టుకుంటే ప్రయోజనం లేదు.

గుణుపూర్_వంశధార:
ఇది నన్నే అన్నావని నాకు తెలుసు.

రెండేళ్ళ కిందట ఇక్కడే అడిగా, ఏ టైరు వేయాలి అని. నున్నది వేయండి, కళ్ళు మూసుకుని వేయండి అన్నది నువ్వే. వేశా. ఆగస్టులో, సన్నగా తుంపర పడుతుంటే, మా రైలు గేటు మీద వెనక చక్రం పక్కకి పోయింది. కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు కట్టు. ఇంటింటికీ పాలు వేసే మనిషిని, ఆరు వారాలు మా ఆవిడ వేసింది. క్యాన్లు మోసింది. నువ్వు ఆదివారం పూట హెల్మెట్ పెట్టుకుని కొండెక్కి దిగి ఫోటో పెడతావు. నాకు సైకిల్ అంటే పూట గడవడం.

రాయగడ_చక్రం:
పడ్డారని అప్పుడే చదివాను. బాధపడ్డాను. కానీ నిజం చెప్పాలి కదా. వెనక క్యారియర్‌కి రెండు వైపులా పాల క్యాన్లు, తడి పట్టా, ఏటవాలు దారి. బొడిపెల టైరు ఉన్నా పడేవారు.

గుణుపూర్_వంశధార:
చదివావు. బాధపడ్డావు. ఒక్క ముక్క రాశావా ఇక్కడ? ఎలా ఉంది అని? నాకు లెక్క తప్పని చెప్పక్కర్లేదు. నీ మాట మీద వేసుకున్నా కదా, ఒక్క మాట అడగొచ్చు కదా. పోనీ, రైలు గేటు సంగతి అప్పుడే చెప్పొచ్చు కదా. ఇప్పుడు ఈయన అడిగితే అడ్డంగా, నిటారుగా అని పాఠం చెప్తున్నావు.

జయపురం_బుజ్జి:
టీ తాగి వస్తా. ఎవరికైనా తేవాలా?

మోటు_టీచర్:
బుజ్జీ, ఆగు.

పంచర్_బాబాయ్:
ముప్పయ్యేళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్నా. పొద్దుటి నుంచి చదువుతున్నా, ఒక్కళ్ళూ రిమ్ము గురించి అడగలేదు. బాబూ పర్లాకిమిడీ, రిమ్ము తళతళలాడే ఇనుపదా, అల్యూమినియందా? ఇనుప రిమ్ము తడిస్తే బ్రేక్ నొక్కినా చాలా దూరం బండి ఆగదు. టైరు మార్చి ఊరుకుంటే సగం పనే. బ్రేక్ రబ్బర్లు కొత్తవి వేయించు. ఆగాల్సిన చోటికి చాలా ముందే బ్రేక్‌ని మెల్లగా తాకించి రిమ్ము మీది తడి తుడవమని పాపకి నేర్పు.

ఇంకోటి. కొత్త టైరు కొని అందరూ వెనక వేయిస్తారు, వెనకదే త్వరగా అరుగుతుందని. వెనక చక్రం జారితే చాలాసార్లు కాలు పెట్టి నిలదొక్కుకోవచ్చు. ముందుది జారితే ముఖం మీదే. కొత్తది ముందు వేయించు, ఇప్పుడు ముందున్న పాతది బాగుంటే దాన్ని వెనక్కి వేయించు. గాలి రాయిలా కొట్టించకు. మన సైకిల్ వాల్వుకి మీటరు సరిగ్గా చూపదు కాబట్టి బొటనవేలితో గట్టిగా నొక్కు, కొంచెం దిగాలి. మరీ తగ్గిస్తే గుంటలో రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబ్ నలిగి పాము కరిచినట్టు రెండు కాట్లు పడతాయి.

అసలు ఆ టైరు పక్కన ఏం రాసి ఉందో చూసి చెప్పు. 26 అంటే ఒక్కటి కాదు.

పర్లాకిమిడి_నాన్న:
ఇప్పుడే టార్చ్ వేసి చూశా బాబాయ్. 26 x 1 3/8 అని ఉంది. పక్కన చిన్నగా 37-590. రిమ్ము తళతళలాడేదే.

పంచర్_బాబాయ్:
అయితే ఆ షాపాయన చెప్పిన గరుకు టైరు నీ చక్రానికి ఎక్కనే ఎక్కదు. గేర్ల సైకిల్‌కి వేసే 26 x 1.95 లాంటిది రిమ్ము దగ్గర వ్యాసం 559 మిల్లీమీటర్లు, నీది 590. మూడు సెంటీమీటర్ల తేడా. రెండింటినీ 26 అనే అమ్ముతారు. కొని ఇంటికి తెచ్చి, రాత్రంతా టైరు ఎక్కించే లివర్లు పెట్టి కుస్తీ పట్టి, పొద్దున్న నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఎందరో. నీ సైజులో దొరికేది నున్నదానికి దగ్గరగా, సన్న గాళ్ళతో ఉంటుంది. కొట్లో ఏళ్ళ తరబడి వేలాడి గట్టిపడింది కాకుండా, గోరు నొక్కితే దిగేది చూసి తీసుకో.

రాయగడ_చక్రం:
అంటే నున్నదే.

గుణుపూర్_వంశధార:
నువ్వు గెలిచినట్టు కాదు. వేరేది ఎక్కదు కాబట్టి.

పర్లాకిమిడి_నాన్న:
ఇద్దరికీ దండం. రేపు బ్రేక్ రబ్బర్లు, ముందు టైరు మార్పిస్తా. వంశధార గారూ, భుజం ఇప్పుడెలా ఉంది?

గుణుపూర్_వంశధార:
చలికి లాగుతుంది. పర్లేదు సార్. పాపని రైలు గేటు దగ్గర దిగి నడిపించుకుని వెళ్ళమనండి, నాలుగడుగులే కదా. మంచులో రాకపోకలు కనబడవు, వెనక ఎర్ర లైటు ఒకటి కట్టించండి.

రాయగడ_చక్రం:
దిగి నడిపించమని నేను అప్పట్లోనే చెప్పాను.

గుణుపూర్_వంశధార:
చెప్పలేదు. ఆ పోస్టు ఇంకా ఉంది, పైకి వెళ్ళి చూసుకో.

రాయగడ_చక్రం:
చూశాను. చెప్పలేదు.