ప్రయారిటీ 5 ఇచ్చినా యూఆర్ట్ డ్రైవర్ బోర్డును బిగదీసేస్తోంది (ఫ్రీఆర్టీఓఎస్, కార్టెక్స్ ఎం4)

కొత్త_డ్రైవర్:
అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఒకే బగ్‌తో కుస్తీ పడుతున్నాను. నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు, అందుకే అడుగుతున్నాను.

బోర్డు ఎస్టీఎం32ఎఫ్407 (కార్టెక్స్ ఎం4 చిప్), 168 మెగాహెర్ట్జ్. దాని మీద ఫ్రీఆర్టీఓఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోంది. యూఎస్ఆర్ట్2 (సీరియల్ పోర్టు) మీద ఒక సెన్సర్ 115200 బాడ్‌తో ఆగకుండా డేటా పంపుతూ ఉంటుంది. డ్రైవర్ మొత్తం నేనే రాశాను. చిప్ కంపెనీ లైబ్రరీ వాడలేదు, అన్నీ నేరుగా రిజిస్టర్లతోనే. బైట్ వచ్చిన ప్రతిసారీ ఇంటరప్ట్ వస్తుంది, ఐఎస్ఆర్ (ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) ఆ బైట్‌ను క్యూలో వేస్తుంది, ఒక టాస్క్ క్యూలోంచి తీసి ప్యాకెట్ కడుతుంది.

ఒక్కోసారి ఇరవై నిమిషాలకు, ఒక్కోసారి మూడు గంటలకు బోర్డు బిగుసుకుపోతోంది. హార్డ్‌ఫాల్ట్ (చిప్ తనే పట్టుకునే తీవ్రమైన తప్పు) రాదు. డీబగర్‌తో ఆపి చూస్తే ప్రతిసారీ ఒకటే చోటు: కెర్నల్ (ఫ్రీఆర్టీఓఎస్ అసలు కోడ్) లిస్ట్.సి ఫైల్లో, కొత్త ఐటెమ్‌ను ఎక్కడ పెట్టాలో వెతికే ఫర్ లూప్. ఒక ఐటెమ్ నెక్స్ట్ పాయింటర్ మళ్లీ తననే చూపిస్తోంది కాబట్టి ఆ లూప్ ఎప్పటికీ పూర్తవదు.

క్యూలో వేయడానికి ఫ్రమ్ ఐఎస్ఆర్ ఫంక్షనే (ఐఎస్ఆర్‌లోంచి పిలవడానికి వేరుగా ఉన్నది) వాడుతున్నాను. ఇంటరప్ట్ ప్రయారిటీ 5 ఇచ్చాను, కాన్ఫిగ్ ఫైల్లో కెర్నల్ హద్దు (కెర్నల్ ఫంక్షన్లను పిలవగల ఇంటరప్ట్‌లకు ప్రయారిటీ పరిమితి) కూడా 5వ స్థాయే. మధ్యలో ప్రింట్లు పెడితే బగ్ ఇంకా ఆలస్యంగా వస్తోంది.

ఇది నీటి పంపును నడిపే కంట్రోలర్. రాత్రంతా మనిషి లేకుండా నడవాలి. వాచ్‌డాగ్ (ప్రోగ్రాం బిగుసుకుపోతే చిప్‌ను రీసెట్ చేసే టైమర్) పెట్టి రీసెట్ చేయించి వదిలేయమని ఒకరన్నారు. కారణం తెలియకుండా అలా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

స్టాక్_చూశారా:
ముందు స్టాక్ ఓవర్‌ఫ్లో (టాస్క్ తనకిచ్చిన స్టాక్ మెమరీని దాటిపోవడం) చెక్‌ను 2కి పెట్టి నడపండి. ఇలాంటి లిస్ట్ పాడవడాలు నేను చూసినవాటిలో సగం స్టాక్ వల్లే.

కొత్త_డ్రైవర్:
పెట్టానండీ. స్టాక్‌లు రెట్టింపు కూడా చేశాను. ఓవర్‌ఫ్లో దొరికితే కెర్నల్ పిలిచే హుక్ ఫంక్షన్ ఒక్కసారీ పిలవబడలేదు.

ఐఎస్ఆర్_పాతకాపు:
అయితే స్టాక్‌ను పక్కన పెట్టండి. మీరు ఆగిపోతున్న ఆ ఫర్ లూప్ దగ్గరే కెర్నల్ రాసినవాళ్లు పెద్ద కామెంట్ పెట్టారు. అప్లికేషన్ ఇక్కడ ఆగిపోతే కారణాలు ఇవి కావచ్చని అందులో వరసగా ఉంటుంది. స్టాక్ ఓవర్‌ఫ్లో మొదటిది. రెండోది ఇంటరప్ట్ ప్రయారిటీ తప్పుగా ఉండటం, ముఖ్యంగా కార్టెక్స్ ఎం చిప్‌ల మీద. నా అనుమానం దాని మీదే.

5 ఇచ్చానన్నారు కదా, ఎలా ఇచ్చారు? ఎన్‌విఐసి (చిప్‌లో ఇంటరప్ట్‌లను చూసుకునే భాగం) సెట్ ప్రయారిటీ ఫంక్షన్‌తోనా, రిజిస్టర్‌లో నేరుగా రాశారా?

కొత్త_డ్రైవర్:
నేరుగానే. ఎన్‌విఐసి ప్రయారిటీ అర్రేలో 38వ బైట్‌లో 5 రాశాను. యూఎస్ఆర్ట్2 ఇంటరప్ట్ నంబర్ 38 అని రిఫరెన్స్ మాన్యువల్లో రెండుసార్లు చూసుకున్నాను.

ఐఎస్ఆర్_పాతకాపు:
నంబర్ సరైనదే. బోర్డు నడుస్తుండగా ఆ బైట్‌ను డీబగర్‌లో చదవండి. 0 కనిపిస్తుంది.

ప్రతి ఇంటరప్ట్‌కూ ప్రయారిటీ కోసం 8 బిట్ల చోటు ఉన్నా, మీ చిప్‌లో పై నాలుగు బిట్లకే నిజంగా సర్క్యూట్ ఉంది. కింది నాలుగు బిట్లలో ఏం రాసినా పోతుంది, చదివితే సున్నాలే వస్తాయి. 5 అంటే బైనరీలో 0000 0101. ఉన్నదంతా కింది సగంలోనే ఉంది, కాబట్టి మొత్తం మాయమై ప్రయారిటీ 0 మిగిలింది. 5 కావాలంటే నాలుగు స్థానాలు ఎడమకు జరిపి 80 రాయాలి. సెట్ ప్రయారిటీ ఫంక్షన్ ఆ జరపడం తనే చేస్తుంది.

ఇక 0 అయితే నష్టమేంటంటే, ఇంటరప్ట్‌లలో చిన్న నంబరే పెద్ద ప్రయారిటీ (టాస్క్‌లకు దీనికి తలకిందులు, చాలామంది తికమకపడేది ఇక్కడే). కెర్నల్ తన లిస్టులను మార్చేటప్పుడు బేస్‌ప్రై రిజిస్టర్‌లో 80 పెట్టుకుంటుంది. దాంతో 5 నుంచి 15 దాకా ఉన్న ఇంటరప్ట్‌లు బయటే ఆగుతాయి. 0 నుంచి 4 దాకా ఉన్నవి ఆగవు. మీది 0, నేరుగా లోపలికి వచ్చేస్తోంది.

లిస్టులో ఒక ఐటెమ్ పెట్టాలంటే నాలుగు పాయింటర్లు మార్చాలి. రెండు మార్చి మూడోదానికి వెళ్లేలోపు మీ ఐఎస్ఆర్ వచ్చి, క్యూ కోసం ఎదురుచూస్తున్న టాస్క్‌ను లేపి, అదే లిస్టులో చెయ్యి పెట్టిందనుకోండి. తిరిగి వెళ్లాక కెర్నల్ మిగిలిన రెండు పాయింటర్లను పాత లెక్క ప్రకారమే రాస్తుంది. అలా తననే చూపించే పాయింటర్ పుడుతుంది.

ఆ సందు కొన్ని ఇన్‌స్ట్రక్షన్ల వెడల్పే. కానీ 115200 బాడ్‌లో బైట్‌కు పది బిట్లు, అంటే దాదాపు ప్రతి 87 మైక్రోసెకన్లకు ఒక ఇంటరప్ట్, సెకనుకు 11,520. ఏదో ఒకటి ఆ సందులో పడక మానదు. ప్రింట్లు పెట్టినప్పుడు టైమింగ్ జరిగింది కాబట్టి ఆలస్యమైంది, అంతే.

కాన్ఫిగ్ ఫైల్లో ఆ హద్దు కూడా 80 అని ఉందో లేదో చూడండి. అక్కడా ఉత్తి 5 ఉంటే బేస్‌ప్రైలో 0 పడుతుంది, 0 అంటే ఏ ఇంటరప్ట్‌నూ ఆపొద్దని అర్థం.

ఇంకో మాట, దయచేసి వాయిదా వేయకండి: కాన్ఫిగ్ అసర్ట్‌ను (తప్పు దొరికితే ప్రోగ్రాంను అక్కడే ఆపే చెక్) డిఫైన్ చేయండి. అది ఉంటే ఫ్రమ్ ఐఎస్ఆర్ ఫంక్షన్లు పిలిచినప్పుడు నడుస్తున్న ఇంటరప్ట్ ప్రయారిటీని కెర్నలే పరీక్షిస్తుంది. మీ ప్రాజెక్టులో అది ఖాళీగా ఉండి ఉంటుంది. లేకపోతే మూడు వారాలు కాదు, మొదటి బైట్‌కే తెలిసిపోయేది. కొత్త బోర్డు మీద నేను ముందు రాసే లైన్ అదే.

డీఎంఏ_పక్షం:
పైన చెప్పింది సరిచేశాక, బైట్‌కో ఇంటరప్ట్, బైట్‌కో క్యూ పిలుపు కూడా మానేయండి. సర్క్యులర్ మోడ్‌లో డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాను మెమరీలోకి చేర్చే భాగం) పెట్టి, సగం నిండినప్పుడు, పూర్తిగా నిండినప్పుడు, లైన్ ఖాళీ అయినప్పుడు వచ్చే ఇంటరప్ట్‌లలో టాస్క్‌కు నోటిఫికేషన్ ఇస్తే చాలు. మీ చిప్‌లో ఒక్క జాగ్రత్త: 64 కిలోబైట్ల సీసీఎం ర్యామ్‌ను డీఎంఏ చూడలేదు. లింకర్ మీ బఫర్‌ను అక్కడ పెడితే డేటా రాదు. మ్యాప్ ఫైల్లో బఫర్ అడ్రస్ చూసుకోండి. హెక్సాలో 1తో మొదలైతే తప్పు చోట ఉన్నట్టు, 2తో మొదలవ్వాలి.

కొత్త_డ్రైవర్:
పాతకాపు గారూ, ఆ బైట్‌లో 0 ఉంది. చూస్తూ కాసేపు అలాగే కూర్చుండిపోయాను. కాన్ఫిగ్‌లో మాత్రం 80 సరిగ్గానే ఉంది. మీ మాట ప్రకారం ఏదీ సరిచేయకుండా ముందు అసర్ట్ పెట్టి నడిపాను. మొదటి బైట్‌కే ఆగింది! తర్వాత 80 రాశాను. ఇప్పటికి 61 గంటలుగా నడుస్తోంది, ఒక్క ప్యాకెట్ పోలేదు. డీఎంఏకు ఈ వారంలో మారుస్తాను.

ఒక్క సందేహం మిగిలింది. పంపును వెంటనే ఆపే ఎమర్జెన్సీ స్విచ్ ఇంటరప్ట్ 2లో ఉంది. దాన్నీ 5కి దించాలా?

ఐఎస్ఆర్_పాతకాపు:
వద్దు, 2లోనే ఉంచండి. కెర్నల్ పనిలో ఉన్నా అది ఆగకూడదు. ఆ ఐఎస్ఆర్‌లో పంపు పిన్‌ను ఆఫ్ చేసి, ఒక వోలటైల్ ఫ్లాగ్ పెట్టి బయటకు రండి. ఫ్రమ్ ఐఎస్ఆర్ అని ఉన్నవి సహా కెర్నల్ ఫంక్షన్ ఒక్కటీ అందులో పిలవకండి. మిగతా టాస్క్‌లకు తెలియాలంటే ఆ ఫ్లాగ్‌ను ఒక టాస్క్ చూసి చెబుతుంది.