అధిసందిగ్ధ కార్బన్ డయాక్సైడ్ ఇక్కడ ‘ద్రావణి’ అవుతుందా?

ప్రశ్న: ‘అధిసందిగ్ధ కార్బన్ డయాక్సైడ్ ద్రావణిగా పాలిమర్–ఫుల్లరీన్ సమ్మేళనాల తయారీ’ అని ఒక శీర్షిక చూశాను. సందిగ్ధం అంటే అనుమానం కదండీ? మిగతా మాటలైనా సరిపోయాయా?

సమాధానం: సందిగ్ధ ఉష్ణోగ్రత పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మాటే. ద్రవమో వాయువో తేలని స్థితి కనుక అర్థమూ నప్పుతుంది. ఈ వాయువుకు ఆ హద్దు 31 డిగ్రీల సెల్సియస్, 73.8 బార్ ఒత్తిడి. రెండూ దాటితే ‘అధి’. ‘సమ్మేళనం’ మాత్రం కుదరదు, అందులో రసాయన బంధం ఉండాలి. సి-60 (60 కార్బన్ పరమాణువులున్న, బంతిలాంటి ఫుల్లరీన్) అణువులు పాలిమర్ గొలుసుల మధ్య ఇరుక్కుంటాయి, అంతే. ‘సంయుక్త పదార్థం’ అనండి.

అసలు చిక్కు ‘ద్రావణి’తో. ఈ వాయువులో సి-60 కరగడం అత్యల్పం. పాలిమర్లలోనూ కొన్ని సిలికోన్లు, ఫ్లోరిన్ ఉన్న కొన్ని యాక్రిలేట్లు తప్ప చాలావరకు కరగవు. యాక్రిలిక్ ఫిల్మ్‌ను 40 డిగ్రీల దగ్గర 100 బార్‌లో ఉంచితే కరగదు, ఉబ్బి మెత్తబడుతుంది. విడిగా అయితే అది మెత్తబడటానికి 105 డిగ్రీలు దాటాలి. అంటే ఇక్కడ కార్బన్ డయాక్సైడ్ ‘ఉబ్బించే మాధ్యమం’. ఒత్తిడిని ఒక్కసారిగా దించితే లోపలి వాయువు బుడగలు కట్టి ఫిల్మ్ నురగలా పాడవుతుంది. గంటల తరబడి మెల్లగా వదలాలి.

మరో ప్రశ్న: టోలుయిన్ అనే సేంద్రియ ద్రవం కలిపితే కార్బన్ డయాక్సైడ్ ద్రావణి అయినట్టే కదా?

సమాధానం: అప్పుడు ద్రావణి టోలుయినే. మిల్లీలీటరుకు దాదాపు 3 మిల్లీగ్రాముల సి-60ని కరిగిస్తుంది. పాలిస్టైరీన్ అనే పాలిమర్‌ను కూడా అందులోనే కరిగించి, ఆ ద్రావణాన్ని సన్నని నాజిల్ గుండా అధిక పీడన పాత్రలోకి చిమ్ముతారు. టోలుయిన్‌లోకి కార్బన్ డయాక్సైడ్ చొరబడగానే దాని కరిగించే శక్తి పడిపోయి సి-60, పాలిస్టైరీన్ రెండూ కలిసి పొడిగా విడిపోతాయి. కరిగినదాన్ని బయటికి నెట్టేదాన్ని ద్రావణి అని ఎలా అంటాం? ‘ప్రతిద్రావణి’ అనాలి.

అనుబంధం: ఒత్తిడి దించేముందు తాజా కార్బన్ డయాక్సైడ్‌తో పాత్రను బాగా కడిగి టోలుయిన్‌ను పూర్తిగా తరిమేయాలి. మిగిలితే ఒత్తిడి తగ్గగానే అది ద్రవమై, వచ్చిన పొడిని మళ్లీ కరిగించి ముద్ద చేస్తుంది. టోలుయిన్ లేకున్నా ఉష్ణోగ్రత పెరిగితే ఉబ్బిన పాలిస్టైరీన్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందువల్ల ప్రతిద్రావణి అన్నచోట కూడా దాని ఉబ్బించే గుణాన్ని విడిగా రాయడం అవసరం.