కాల్గూర్లీ నుంచి మౌంట్ ఐసాకు ఎంత దూరం?

నకిరేకల్ నుంచి కొత్తగా వచ్చినవాడు:
వచ్చే నెల నేను పశ్చిమ ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీలో గని ఉద్యోగంలో చేరుతున్నాను. నా భార్యకు క్వీన్స్‌లాండ్‌లోని మౌంట్ ఐసాలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎంత, ప్రతి శని, ఆదివారాలు వెళ్లి రావచ్చా, పెద్దలు దయచేసి చెప్పగలరు.

మిర్యాలగూడ, ప్రస్తుతం పెర్త్:
తమ్ముడూ, పటం మీద దారం పెట్టి కొలిస్తే సుమారు 2,100 కిలోమీటర్లు, అంటే శంషాబాద్ నుంచి శ్రీనగర్ కంటే కొంచెం ఎక్కువ. కానీ మీ ప్రయాణం ఆ దారం వెంట సాగదు. ముందు పడమటికి గంటసేపు ఎగిరి పెర్త్ రావాలి, అక్కడి నుంచి నాలుగు గంటలకు పైగా ప్రయాణించి తూర్పు తీరాన బ్రిస్బేన్‌లో దిగాలి, మళ్లీ రెండు గంటలకు పైగా వెనక్కి వస్తే మౌంట్ ఐసా. మొత్తం 5,700 కిలోమీటర్లు అవుతుంది. విమానాల కోసం కాచుకునే సమయం కలిపితే పన్నెండు గంటలకు తగ్గదు. పైగా అక్కడి గడియారం రెండు గంటలు ముందుంటుంది కాబట్టి, శనివారం ఉదయం ఆరింటికి బయలుదేరితే రాత్రి ఎనిమిదికి చేరి, తెల్లవారగానే తిరుగు ప్రయాణం కట్టాలి.

జడ్చర్ల, కాల్గూర్లీలో ఆరేళ్లు:
అన్న లెక్క సరైనదే గానీ, మీరు అసలు అడగవలసింది టికెట్ గురించి. మౌంట్ ఐసాలో మా అక్కయ్య ఇంటి నుంచి తిరిగి వస్తూ, చవకగా ఉన్నాయని రెండు సంస్థల్లో విడివిడిగా టికెట్లు కొన్నాను. బ్రిస్బేన్ విమానం గంట ఆలస్యమైంది. పెర్త్‌లో దిగగానే, బయటి రాష్ట్రాల పండ్లు తేకూడదన్న నిబంధన ప్రకారం, అక్కయ్య వార్తాపత్రికలో చుట్టి ఇచ్చిన ఆరు మామిడిపండ్లూ అక్కడి డబ్బాలో వేయవలసి వచ్చింది. పెర్త్‌లో ఒకటి, రెండు టెర్మినళ్లు ఒకవైపు, మూడు, నాలుగు మరోవైపు ఉంటాయి. బస్సెక్కి అటువైపు చేరేసరికి సామాను కౌంటర్ మూసేశారు. ఆలస్యం తమది కాదని రెండో సంస్థ చేతులెత్తేసింది. ఆ రాత్రి బెంచీ మీదే గడిపి, పొద్దున కొత్త టికెట్ కొన్నాను. ఒకే టికెట్ మీద మూడు విమానాలూ ఉంటే తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్లదే.

దేవరకొండ, ప్రస్తుతం సిడ్నీ:
ఇక్కడి ఎండాకాలం కోసం అక్టోబరు నుంచి గడియారం గంట ముందుకు జరుగుతుంది కాబట్టి తేడా మూడు గంటలు అవుతుంది, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మిర్యాలగూడ, ప్రస్తుతం పెర్త్:
అది మీ సిడ్నీ లెక్క. క్వీన్స్‌లాండ్ ప్రజలు 1992లో, మా పశ్చిమ ఆస్ట్రేలియా ప్రజలు 2009లో ఓటు వేసి మరీ ఆ పద్ధతి వద్దన్నారు, కాబట్టి ఏడాది పొడవునా తేడా రెండు గంటలే. తమ్ముడూ, మీరు వారాంతాల మాట వదిలేసి, ఇద్దరి షిఫ్టుల్లో నాలుగైదు సెలవు రోజులు ఒకేసారి వచ్చేలా అడగండి. మొదటిసారి బ్రిస్బేన్‌లో కలుసుకోండి, ఆమెకు ఒకే విమానంతో సరిపోతుంది.