ఫోల్డర్ సైజు కోడ్‌తో లెక్కేస్తే ఏ అంకె నమ్మాలి?

తాటిముంజ: సర్వర్‌లో డిస్క్ నిండిపోతోందని టెన్షన్ పడి, పైథాన్‌లో ఓఎస్.వాక్‌తో ఫోల్డరంతా తిరిగి ఒక్కో ఫైలు గెట్‌సైజ్ (ఫైల్లో ఉన్న బైట్ల సంఖ్య) కలుపుకుంటూ పోయాను. దాదాపు 1 ఎంబీ వచ్చింది. అదే ఫోల్డర్ మీద డీయూ కమాండ్ (డిస్క్‌లో ఎంత చోటు పట్టిందో చెప్పేది) కొడితే 40 ఎంబీ అంటోంది! ఉన్నవన్నీ 100 బైట్ల లాగ్ ముక్కలు, ఓ 10,000. డీయూనే ఎక్కువ వేస్తోందని నా అనుమానం.

పాతసర్వర్: ఎక్కువేం వేయట్లేదు తమ్ముడూ. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో బ్లాక్, అంటే డిస్క్‌లో ఫైలుకిచ్చే కనీస చోటు, మామూలుగా 4,096 బైట్లు, బస్సు సీటు మీద కర్చీఫ్ వేసినట్టే, ఫైలు 100 బైట్లున్నా బ్లాకంతా దానిదే. పదివేల ఫైళ్లకి 4 కోట్ల 9 లక్షల 60 వేల బైట్లు. ఎస్‌టీ_బ్లాక్స్‌ని (ఫైలుకి డిస్క్ ఇచ్చిన 512 బైట్ల ముక్కల సంఖ్య) 512తో గుణించి కూడు, అదే అసలు సైజు.

జీరోబైట్: అసలు సైజంటే ఒప్పుకోను. అది డిస్క్ లెక్క, ఫోల్డర్ లెక్క కాదు. అదే ఫోల్డర్‌ని వేరే డిస్క్‌లో పెడితే అంకె మారిపోవచ్చు, పైగా విండోస్ పైథాన్‌లో ఎస్‌టీ_బ్లాక్స్ ఉండనే ఉండదు. అప్‌లోడ్ చేసేవాడికి కావాల్సింది బైట్ల మొత్తమే.

పాతసర్వర్: బైట్ల మొత్తం నమ్ముకుని నేను పరువు పోగొట్టుకున్నాను. బ్యాకప్‌లో వారం రోజుల ఫోల్డర్లు, మారని ఫైళ్లన్నీ హార్డ్ లింకులు, అంటే డిస్క్‌లో ఉన్న ఒకే ఫైలుకి ఇంకో పేరు. నా స్క్రిప్ట్ 420 జీబీ అంది. "250 జీబీ డిస్క్‌లో 420 ఎలా దూరిందయ్యా" అని మేనేజర్ మీటింగ్‌లో అందరి ముందూ అడిగాడు. అప్పట్నుంచి డివైస్ నంబరు, ఐనోడ్ నంబరు (డిస్క్‌లో ఫైలు గుర్తింపు సంఖ్య) కలిపి సెట్‌లో దాచుకుని, ఒకసారి కూడినదాన్ని మళ్లీ కూడను.

జీరోబైట్: ఆ బ్యాకప్‌ని మామూలుగా ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి చూడండి గురువుగారూ, 420 జీబీయే అడుగుతుంది.

పాతసర్వర్: ...అది నిజమే.

చింతచిగురు: మీ గొడవ మధ్యలో ఒక మాట. గెట్‌సైజ్ సింబాలిక్ లింకు (వేరే ఫైలుకి దారి చూపే షార్ట్‌కట్ లాంటిది) వెంట పోతుంది, తెగిన లింకు తగిలితే ఎర్రర్ కొట్టి స్క్రిప్ట్ ఆగిపోతుంది. లింకు వెంట పోకుండా లింకునే చూసే ఎల్‌స్టాట్ వాడండి. విండోస్ ప్రాపర్టీస్‌లో బైట్ల మొత్తం, డిస్క్‌లో పట్టిన చోటు, రెండంకెలూ చూపిస్తారు కదా, మన కోడ్ కూడా రెండూ ప్రింట్ చేస్తే పోలా?

తాటిముంజ: నాకు కావాల్సింది డిస్క్ ఖాళీ, కాబట్టి డీయూ పక్షమే. లాగ్‌లన్నీ కొత్త ఫోల్డర్‌లో ఒకే ఫైలుగా కలిపేశా, ఇప్పుడు రెండు లెక్కలూ ఇంచుమించు 1 ఎంబీయే. కానీ డిస్క్ మాత్రం తగ్గలేదేంటి?

పాతసర్వర్: పాత ముక్కలు డిలీట్ చేశావా?

తాటిముంజ: అయ్యో.