పడమరా, తూర్పా? మాబన్ పాట గురించి

విక్కన్ల (ప్రకృతిని కొలిచే ఆధునిక మతం వాళ్ల) కోత పండుగల గురించి చదువుతున్నప్పటి నుంచీ ఒక పాత ఇంగ్లిష్ జానపదం బుర్ర తొలిచేస్తోంది. పడమటి నుంచి ముగ్గురొచ్చి, జాన్ బార్లీకార్న్ (మద్యం కాచే బార్లీకే పెట్టిన మనిషి పేరు) చావాల్సిందేనని ఒట్టు పెట్టుకుంటారు చూడండి, అది. పడమరేనా? తూర్పు అని కూడా చెవిలో ఉంది. దాన్ని సెప్టెంబరు పండుగ మాబన్‌కి పాడతారా, ఆగస్టు పండుగ లామస్‌కా?

— తూర్పు అన్నది స్కాట్లండ్ కవి బర్న్స్‌ది. 1782లో ఆయన తిరగరాసినప్పుడు ఆ ముగ్గురూ కాస్తా తూర్పు రాజులయ్యారు. పాడాల్సింది లామస్‌కే, ఆగస్టు 1న, కొత్త ధాన్యంతో తొలి రొట్టె కాల్చే రోజున. అన్నట్టు మాబన్ కాదండీ, మేబన్. అమెరికాలో విక్కన్ల నోట వినపడేది అదే.

— ఆ 'మే' ఎక్కడిది మాస్టారూ? వేల్స్ కథలో మోద్రన్ కొడుకు మాబన్. మూడు రాత్రుల పసికందు, తల్లికీ గోడకీ మధ్యనుంచి మాయమైపోయాడు. వెల్ష్‌లో ఆ అక్షరం ఏకారం పలకదు.

— పిల్లాడికి సరే. పండుగకి ఆ పేరు పెట్టింది మాత్రం 1970లలో కాలిఫోర్నియాలో విక్కన్ రచయిత ఎయిడన్ కెల్లీ. అంతకుముందు అది వట్టి సెప్టెంబరు విషువత్తు, పగలూ రాత్రీ సమానమయ్యే రోజు. పేరు ఎక్కడ పుడితే అక్కడి పలుకే ప్రమాణం.

— అక్కడ పుట్టలేదండీ, అక్కడ అతికించారు. కెల్లీ వెతికింది గ్రీకుల పర్సెఫొనీకి జోడీ కథ, తల్లి దగ్గర్నుంచి ఎత్తుకుపోయిన బిడ్డ కథ. కథ వేల్స్‌దైతే పలుకూ వేల్స్‌దే.

— పండుగ వదిలేసి అక్షరం పట్టుకున్నారు! ఆ రోజు పూజపీఠం మీద ఆపిల్‌ని అడ్డంగా కోసి పెడతారు. గింజల గదులు అయిదు కోణాల నక్షత్రంలా కనిపిస్తాయి, వాళ్లకి పవిత్రమైన గుర్తు. అది పండ్ల కోత. బార్లీ అప్పటికే కళ్లం దాటిపోతుంది. కనుక పాట లామస్‌దే.

— బర్న్స్‌ని చదివారా అసలు? ఆయన పాటలో బార్లీ పాలిపోయి తల వాల్చేది ఆటమ్ (శరత్తు) అడుగుపెట్టాకే. ఆ ఆటమ్‌కి ఆయన తగిలించిన విశేషణం 'సోబర్'! మద్యం పాటలో! నెమ్మదైన రుతువు, మత్తెక్కని రుతువు, రెండూ ఒక్క మాటలో. ఇంకెవరు పెట్టగలరు? ఆయన పాట మాబన్‌కే.

— శ్లేష లేదు. ఆ పాదంలోనే 'మైల్డ్' ఉంది, అర్థం నెమ్మది ఒక్కటే.

— 'మైల్డ్' అన్నది ఒక రకం బీరుకీ పేరేనండీ. శ్లేష రెట్టింపయింది! మేబన్ గురించి రేపు విడిగా రాస్తాను.