చర్చిలో హెచ్‌ఐవి పరీక్షలు పెట్టాలంటే ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న (తిరుపతి, యూత్ కార్యదర్శి):
డిసెంబరు 1 ఎయిడ్స్ దినం కదా, ఆ వారం ఆరాధన అయ్యాక సంఘంలో పరీక్షలు పెడదామని పెద్దలు అంటున్నారు. 60 మంది దాకా రావచ్చు. అమెరికాలో నల్లజాతి చర్చిల పాస్టర్లు సంఘం ముందే పరీక్ష చేయించుకుంటారట. మన దగ్గర కుదురుతుందా?

జవాబు 1:
కుదురుతుంది బ్రదర్. పాస్టరు గారు అందరి ముందు వేలు చాపొచ్చు, కానీ ఫలితం మాత్రం చెప్పకూడదు. ఆయన "నాకు నెగటివ్" అన్నారంటే, చెప్పనివాళ్లందరి మీదా అనుమానం పడుతుంది. న్యూయార్క్‌లో నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లో 1989లో పెర్నెసా సీల్ అనే ఆవిడ చర్చిల్లో ఎయిడ్స్ పని మొదలుపెట్టింది ప్రార్థనా వారంతోనే. మీరూ అలాగే చేయండి: ముందు రెండు మూడు ఆదివారాలు ప్రసంగంలో ఈ మాట రానివ్వండి. ప్రభు బల్ల గిన్నెతో హెచ్‌ఐవి అంటదని అక్కడే తేల్చి చెప్పండి.

జవాబు 2 (కౌన్సిలర్, చిత్తూరు):
60 మంది ఒక పూటకి ఎక్కువ. మనిషికి 15 నిమిషాలు, ఇద్దరు కౌన్సిలర్లు, మూడు గంటలు: 24 మందే అవుతారు. మిగతావాళ్లకి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఐసీటీసీ (ప్రభుత్వ హెచ్‌ఐవి సలహా, పరీక్షా కేంద్రం) ఉంది, పరీక్ష ఉచితం. కిట్లు ఎండలో పెట్టొద్దు. కిట్ మీద ఫలితం చూపే గీతని, కిట్ కాగితంలో రాసిన సమయం దాటాక చూస్తే తప్పు ఫలితం రావచ్చు. శిబిరంలో గీత వచ్చినంత మాత్రాన పాజిటివ్ అనకండి, ఐసీటీసీలో మరిన్ని కిట్లతో నిర్ధారించాలి. గుట్టు బయటపడేది తలుపు దగ్గరే: ఒకరు అయిదు నిమిషాల్లో, ఇంకొకరు అరగంటకి కళ్లు తుడుచుకుంటూ బయటికొస్తే ఊరికి తెలిసిపోయినట్టే. అందుకే అందరినీ అంతే సేపు కూర్చోబెట్టి, ఒకేలా మడిచిన చీటీ ఇచ్చి, వెనక తలుపు నుంచి పంపండి. 2017 హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం ప్రకారం సమ్మతి లేనిదే పరీక్ష చేయకూడదు. మనిషి రాసివ్వనిదే ఫలితం పాస్టరు గారికి కూడా చెప్పకూడదు.

ప్రశ్న అడిగినవారు:
స్వస్థత ప్రార్థన తర్వాత కొందరు హెచ్‌ఐవి మాత్రలు మానేస్తున్నారండీ. ఉపవాసాల్లో కూడా అంతే.

జవాబు 3:
అన్నిటికన్నా ప్రమాదం అదే. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కనబడనంత తగ్గిందంటే మాత్ర పనిచేస్తోందని, రోగం పోయిందని కాదు. ఆపితే కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది. ఈ మాట డాక్టరు నోట కన్నా పాస్టరు నోట వస్తే వింటారు: "ప్రార్థన చేద్దాం, మాత్రా వేసుకో." రోజుకి ఒకటి వేసే టీఎల్‌డీ (మూడు హెచ్‌ఐవి మందులు కలిపిన మాత్ర) పరగడుపున కూడా వేసుకోవచ్చు, ఉపవాసానికి అడ్డం రాదు. ఐరన్, కాల్షియం మాత్రలు వాడేవాళ్లు మాత్రం, తిండి లేని రోజున, వాటికి రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో దీన్ని వేసుకోవాలి. సందేహముంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయమనండి, ఉచితం.