గాజు పూసల దండలను గిల్టు నగలుగా లెక్కగట్టారు, ఏమి చేయాలి?

గోదావరి మగ్గం
2024 నవంబర్ 14

నేను రాజమహేంద్రవరంలో మగ్గం వర్క్ చేస్తాను. రెండు మగ్గాలు, నలుగురు పనివాళ్లు, ఇంటి వెనుక రేకుల షెడ్డు. ఇన్నాళ్లూ పూసలు, చమ్కీలు హైదరాబాద్ బేగంబజారు నుంచే తెప్పించుకునేదాన్ని. ఒకే రంగు అని పంపిన పూసల్లో రెండు ఛాయలు ఉండటం, పెళ్లికూతురి జాకెట్టు వీపు సగం కుట్టాక ఆ సంగతి బయటపడటం మూడుసార్లు జరిగింది. ఇక లాభం లేదని ఐఈసీ (దిగుమతి, ఎగుమతి చేసేవాళ్లకు ఇచ్చే కోడ్) తీసుకుని, ఈసారి చైనా నుంచి నేరుగా కొరియర్‌లో తెప్పించాను.

సన్నటి గాజు పూసలు సంచుల్లో 5 కిలోలు. కట్ గ్లాస్ పూసలు 6 కిలోలు. ఇవి దారానికి గుచ్చి, పన్నెండేసి దండలు కలిపి ముడివేసిన కట్టలుగా వచ్చాయి. చమ్కీలు 2 కిలోలు, అవీ దారానికి గుచ్చినవే. క్రోషే నేర్పే మా వదిన అడిగిందని అల్యూమినియం క్రోషే సూదులు ఒక కిలో. రవాణా, బీమా కలిపి మొత్తం విలువ 21,000 రూపాయలు.

పంపినవాడు ఇన్వాయిస్‌లో అన్నిటికీ కలిపి ఒకే వరుస రాశాడు: ‘హ్యాండిక్రాఫ్ట్ మెటీరియల్, 14 కిలోలు’. కస్టమ్స్‌లో పెట్టె విప్పి, దండలు కనిపించాయి కాబట్టి ఇది ఇమిటేషన్ జ్యువెలరీ (గిల్టు నగలు), సుంకాల పట్టికలో 7117 కోడ్ కిందికి వస్తుంది అన్నారట. ప్రాథమిక సుంకమే 8,400 అని చెప్పారు. 25 శాతం అని ఎక్కడో చదివాను, ఆ లెక్కన చూసినా 5,250 కదా? ‘అంగీకరిస్తున్నాను’ అని ఒక మెయిల్ పెడితే రేపే విడిపిస్తామని కొరియర్ వాళ్లు తొందరపెడుతున్నారు. మార్గశిరంలో ఆరు పెళ్లి జాకెట్లు ఒప్పుకున్నాను. మెయిల్ పెట్టేయమంటారా?

రేవు మనిషి

అమ్మా, ఆ మెయిల్ మాత్రం పెట్టకండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

మీరు ప్రకటించిన వర్గీకరణను అధికారి మార్చినప్పుడు, మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే కథ అక్కడితో సరి. ఒప్పుకోకపోతే, కస్టమ్స్ చట్టం 17(5) సెక్షన్ ప్రకారం, తిరిగి మదింపు చేసిన 15 రోజుల్లోగా ఆయన కారణాలు చూపిస్తూ ఉత్తర్వు ఇవ్వాలి. ఆ కారణాలు కాగితం మీద ఉంటేనే మీరు వాటికి జవాబు చెప్పగలరు. కొరియర్ వాళ్లకు గోదాము ఖాళీ కావాలి. మీ సుంకం ఎంతైనా వాళ్లకు ఒకటే.

నేను విశాఖ రేవులో ఒక కస్టమ్స్ బ్రోకర్ దగ్గర 26 ఏళ్లు పనిచేశాను. ఎరువులు, వంటనూనె, ఇనుప తుక్కు చూసినవాణ్ణి. పూసలు నా చేతి మీదుగా వెళ్లింది తక్కువే. అయినా అన్నిటికీ టారిఫ్ పుస్తకం, అంటే ఏ వస్తువుకు ఏ కోడ్, ఎంత సుంకం అని చెప్పే పుస్తకం, ఒక్కటే.

8,400 ఎలా వచ్చిందో చెబుతాను. గిల్టు నగలను మరీ తక్కువ ధర చూపించి దిగుమతి చేస్తున్నారని 2022 బడ్జెట్‌లో వాటి మీద కిలోకు కనీసం 400 రూపాయలు పెట్టారు. 2023లో దాన్ని ‘25 శాతం లేదా కిలోకు 600, ఏది ఎక్కువైతే అది’ అని మార్చారు. మీ 14 కిలోలను 600తో గుణిస్తే 8,400. గాజు బరువైన వస్తువు కాబట్టి మీకు ఆ రెండో లెక్క తగిలింది. క్రోషే సూదులను కూడా అందులో కలిపేశారు, గమనించారా? వాటిని మెడలో వేసుకుంటారో, చెవులకు పెట్టుకుంటారో నాకైతే అర్థం కాలేదు.

అధికారిని తిట్టుకునే ముందు ఇన్వాయిస్ చూడండి. టారిఫ్ పుస్తకంలో హస్తకళల సామగ్రి అనే శీర్షికే లేదు. బట్టల సామగ్రి, అలంకరణ సామగ్రి అని కూడా ఉండదు. మీరు వాటితో జాకెట్టు కుడతారా, తోరణం కడతారా అన్నది మీ పూసల విషయంలో ఎవరూ అడగరు. వస్తువును దేనితో చేశారు, ఏ రూపంలో వచ్చింది, ఈ రెండే అడుగుతారు. ఆ రెండూ రాయని ఇన్వాయిస్ పంపితే, పెట్టె మూత తీయగానే ఏది కంటపడితే దాన్ని బట్టి కోడ్ పడుతుంది. మీ పెట్టెలో దండలు పైన ఉన్నట్టున్నాయి.

ఇప్పుడు మీ కట్ పూసల సంగతి. వర్గీకరణ నియమాలు ఆరు ఉన్నాయి. మొదటిదాని ప్రకారం, శీర్షికలో రాసిన మాటలు, సెక్షన్ల నోట్లు, అధ్యాయాల నోట్లు చూసి నిర్ణయించాలి. 7018 శీర్షికలో ఏమి రాసి ఉంది? గాజు పూసలు, కృత్రిమ ముత్యాలు, కృత్రిమ రత్నాలు, అలాంటి చిన్న గాజు వస్తువులు, ‘ఇమిటేషన్ జ్యువెలరీ కాకుండా వాటితో చేసిన వస్తువులు’ కూడా. అంటే దండగా గుచ్చినంత మాత్రాన పూస 7018 దాటి పోదు. నగ అయితేనే దాటుతుంది. నగ అంటే ఏమిటో 71వ అధ్యాయం 9, 11 నోట్లలో ఉంది: ఉంగరం, చేతిగాజు, కంఠహారం లాగా ఒంటి మీద అలంకరణకు ధరించే చిన్న వస్తువు. పన్నెండు దండలు ముడివేసిన కట్టకు కొక్కెం ఉందా? దాన్ని అలాగే మెడలో వేసుకుని ఎవరైనా పెళ్లికి వెళ్తారా? అది పూసలు చెదరకుండా గుచ్చిన దారం, అంతే. అసలు ముత్యాల విషయంలో 7101లోనూ, రత్నాల విషయంలో 7103లోనూ ‘రవాణా సౌలభ్యం కోసం తాత్కాలికంగా గుచ్చినవి’ అని టారిఫే రాసుకుంది. కస్టమ్స్‌కు రాసే ఉత్తరంలో ఆ పోలిక కూడా పెట్టండి.

ఒక హెచ్చరిక. మధ్యలో పెద్ద పూస, అటూ ఇటూ సైజు తగ్గుతూ పేర్చి, కొసలకు కొక్కెం పెట్టిన దండలు అందులో ఒక్క కట్ట ఉన్నా అవి నగలే. అలాంటివి ఉంటే దాచకండి, విడిగా చూపించండి.

చేయవలసిన పని: పంపినవాడి చేత నాలుగు వరుసలతో ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు తిరిగి రాయించండి. ప్రతి వరుసలోనూ పదార్థం, సైజు, బరువు, ధర ఉండాలి. దండల కట్ట కొసల ముడి కనిపించేలా, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో జతచేయండి. సరుకు ఇంకా విడుదల కాలేదు కాబట్టి ఇది ఇప్పుడే తేలిక. జాకెట్ల తొందర వల్ల వాళ్లు అడిగింది కట్టవలసివస్తే కట్టండి, కానీ ఒప్పుకోకుండా కట్టి, ఉత్తర్వు తీసుకుని, 60 రోజుల్లోగా కమిషనర్ (అప్పీల్స్) దగ్గరికి వెళ్లండి. అభ్యంతరంతో కట్టాను అని రాసి ఊరుకుంటే డబ్బు తిరిగి రాదు. మదింపును సవాలు చేసి మార్పించుకోకుండా రిఫండ్ అడగడానికి లేదని 2019లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంకొకటి. గిల్టు నగలకు ఐజీఎస్టీ (దిగుమతి మీద సుంకంతో పాటు కట్టే జీఎస్టీ) 3 శాతమే, పూసలకు వేరే రేటు. మొత్తం చూసి ‘తేడా పెద్దగా లేదు కదా’ అని ఎవరైనా మీకు నచ్చజెప్పవచ్చు. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఐజీఎస్టీ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. ప్రాథమిక సుంకం రాదు. మీ జేబులోంచి నిజంగా పోయేది ఆ 8,400.

అల్లిక బుట్ట

రేవు మనిషి గారు సూదుల గురించి నవ్వి వదిలేశారు. నాకు ఆ సూదులతోనే జీవనం కాబట్టి చెబుతున్నాను. ఉక్కు క్రోషే సూది 7319. అదే శీర్షికలో కుట్టుసూదులు, పిన్నీసులు కూడా ఉంటాయి, కాబట్టి అన్ని క్రోషే సూదులూ అక్కడికే వెళ్తాయని అందరూ అనుకుంటారు. కానీ ఆ శీర్షిక ఇనుము, ఉక్కు వాటికే. అల్యూమినియంవి 7616, ప్లాస్టిక్‌వి 3926, వెదురువి 4421. నేను మొదటిసారి మూడు రకాలు తెప్పించి అన్నిటికీ 7319 రాశాను. మూడింట రెండు వంతులు తప్పు.

గోదావరి మగ్గం గారూ, మీ వదిన గారి సూదులకు రబ్బరు పిడి ఉందా? ఉన్నా కంగారు పడకండి. పని చేసేది లోహపు కొన కాబట్టి ముఖ్య స్వభావం దానిదే అని నా దగ్గర ఒప్పుకున్నారు. సూదులు, ఊలు, కత్తెర ఒకే డబ్బాలో అమ్మకానికి సిద్ధంగా వస్తే మాత్రం అది సెట్టు. అప్పుడు మూడో నియమం పట్టుకుని మొత్తానికి ఒకే కోడ్ వెతకాలి. ఆ తలనొప్పి వద్దని నేను ఊలు ఇక్కడే కొంటాను.

చిట్టి చేతులు

పిల్లల కోసం పూసల డబ్బాలు తెప్పించాలనుకునే వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. డబ్బా మీద ‘టాయ్’ అని గానీ, వయసు ‘5+’ అని గానీ ఉంటే వ్యవహారం పూసలది కాదు, బొమ్మలది అవుతుంది. 14 ఏళ్ల లోపు పిల్లల ఆటకు ఉద్దేశించినవాటికి 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. సుంకం కూడా 2020లో 20 నుంచి 60కి, 2023లో 70 శాతానికి ఎక్కింది. సుంకమైతే ఏడ్చుకుంటూ కట్టవచ్చు, బీఐఎస్ లేకపోతే సరుకే రాదు. నా 40 డబ్బాలు వెనక్కి పోయాయి, ఆ ఖర్చూ నాదే.

మన్నవరం రోడ్డు

ఇంత గొడవ ఎందుకండీ? మన తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో గాజు గొట్టం లాగి పూసలు కోసే పని తరతరాలుగా ఉంది. అక్కడ అడిగి చూడకపోయారా?

గోదావరి మగ్గం

అడిగానండీ, రెండేళ్ల కిందట స్వయంగా వెళ్లి చూసి వచ్చాను. మాల కట్టడానికి ఆ పూసల అందం వేరు. నాకు కావలసింది మగ్గం సూది రెండుసార్లు దూరే 2 మిల్లీమీటర్ల పూస, రంగు తేడా లేకుండా 5 కిలోలు.

రేవు మనిషి గారూ, మెయిల్ పెట్టలేదు. పంపినవాడు నాలుగు వరుసల ఇన్వాయిస్ రాత్రికి రాత్రే పంపాడు. చమ్కీల దగ్గర ఆగిపోయాను. బంగారు రంగులో మెరుస్తున్నాయి, పంపినవాడేమో ‘మెటాలిక్’ అని రాశాడు. లోహం కింద చూపించాలా? శాంపిలుగా ముందే పంపిన చమ్కీలు కొన్ని ఉంటే, ఒకటి పట్టకారుతో పట్టుకుని దీపం మీద పెట్టాను. ముడుచుకుపోయి నల్లటి బొట్టు అయింది. షెడ్డంతా ప్లాస్టిక్ వాసన.

రేవు మనిషి

మీ దీపం మంచి పరీక్షే చేసింది. లోహపు చమ్కీలకు, లోహపు పూసలకు 8308 ఉంది. మీవి లోహపు పూత పూసిన ప్లాస్టిక్, కాబట్టి 3926. ‘మెటాలిక్’ అన్న మాట ఇన్వాయిస్‌లోంచి తీయించి, ‘ప్లాస్టిక్ చమ్కీలు, బంగారు రంగు’ అని రాయించండి. అది రంగు పేరు అని మీకూ నాకూ తెలుసు, పెట్టె తనిఖీ చేసేవారికి తెలియదు.

హైదరాబాద్ వాళ్లు ముత్యాల దగ్గర ఇలాగే బోల్తా పడతారు. సాగు ముత్యం 7101, గాజు ముత్యం 7018, ప్లాస్టిక్ ముత్యం 3926. మూడింటికీ ఇన్వాయిస్‌లో ఒకటే మాట: ‘పర్ల్స్’.

ఇక మీదట ఏటా తెప్పించే ఆలోచన ఉంటే అడ్వాన్స్ రూలింగ్, అంటే ఏ కోడ్ కిందికి వస్తుందో ముందే తేల్చి చెప్పే ఉత్తర్వు, అడగవచ్చు. ఢిల్లీ, ముంబయిలలో ఆ అథారిటీలు ఉన్నాయి. ఫీజు 10,000. ఈ 21 వేల సరుకుకు నేనైతే అడగను.

గోదావరి మగ్గం
2024 నవంబర్ 29

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఉత్తరం, ఫొటోలు ఇచ్చిన నాలుగో రోజున ఒక అధికారి ఫోను చేసి, కట్టకు ముడి ఎందుకు వేస్తారని అడిగారు. పూసలు తీసేటప్పుడు ముందు ఆ ముడే కత్తిరిస్తామని, దారం పారేస్తామని చెప్పాను. పూసలు రెండు రకాలూ 7018కి, సూదులు 7616కి మారాయి. సరుకు నిన్న ఇంటికి వచ్చింది.

చమ్కీలు మాత్రం రాలేదు. కొత్త ఇన్వాయిస్‌లో కూడా ఒకచోట ‘మెటాలిక్’ మిగిలిపోయిందట, పరీక్షకు పంపామన్నారు. మొదటి రెండు జాకెట్లు మగ్గానికి బిగించాము. చమ్కీలు బేగంబజారువే.